గళ్ల పుస్తకంలో వజ్రపుకొత్తూరు

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగం)

 

సంఘం కార్యదర్శిగారు ఫోన్ చేసి, "నువ్వు చేసిన పని గురించి పది నిమిషాలు చెప్పు, ఉపదేశాలు మాత్రం వద్దు" అన్నారు. సరే. నేను చాలాకాలం చేసిన పని పేరు టెర్మినల్ ఎమ్యులేషన్. పేరు చూసి భయపడకండి. లేని యంత్రం ఉన్నట్టు నటించే ప్రోగ్రాం రాయడమే ఆ పని. తూర్పు భాగవతంలో మగవాడు సత్యభామ వేషం కట్టడం చూసినవాళ్లు మనలో ఉన్నారు. జడ ఒక్కటీ సరిగ్గా ఉంటే చాలదు కదా, నడక కూడా కుదరాలి.

ఇక్కడ సత్యభామ ఎవరంటే, 1978లో డిజిటల్ ఈక్విప్‌మెంట్ కంపెనీ తెచ్చిన వీటీ100 టెర్మినల్. ఒక తెర, ఒక కీబోర్డు. అసలు కంప్యూటర్ వేరే గదిలో ఉంటుంది. తెర మీద 24 వరుసలు, వరుసకి 80 గళ్లు, గడికో అక్షరం. మనం లెక్కలు చేసిన గళ్ల పుస్తకమే అనుకోండి. "అయిదో వరుస, ఇరవయ్యో గడికి వెళ్లి ఈ అక్షరం వెయ్యి" అని కంప్యూటర్ చెబుతుంది, టెర్మినల్ వేస్తుంది. కంప్యూటర్‌కి తెర కనిపించదు. కర్సర్ ఎక్కడుందో దాని లెక్క దానిది, టెర్మినల్ లెక్క టెర్మినల్‌ది. రెండు లెక్కలూ కలిసినంతసేపే పని సాగుతుంది.

తర్వాత వర్క్‌స్టేషన్లు వచ్చాయి. బొమ్మలు గీసే తెరలు, మౌసు, కిటికీలు. కానీ ఆఫీసుల్లో నడిచే ప్రోగ్రాములు వీటీ100ని నమ్ముకుని రాసినవి. అందుకని కొత్త యంత్రం పాత వేషం కట్టాలి. 1984 వేసవిలో జిమ్ గెటిస్ దగ్గర పనిచేస్తున్న మార్క్ వాండెవూర్డ్ అనే విద్యార్థి వాక్స్‌స్టేషన్ 100 కోసం ఇలాంటిదే రాశాడు. అదే ఎక్స్‌టెర్మ్. ఒకే ప్రోగ్రాం చాలా తెరల్ని నడపాలని మొదట అనుకున్నారు, అందుకే దాని లోపలి కోడు చూస్తే తల తిరుగుతుందని గెటిస్ తర్వాత చెప్పారు. నేనూ చూశాను. తిరిగింది.

1990ల మొదట్లో హైదరాబాద్‌లో నాకు దొరికిన పని, ఒక ఆఫీసు కొన్న యూనిక్స్ వర్క్‌స్టేషన్ల మీద ఈ వేషాన్ని సరిచేయడం. పేరు చెప్పను, ఆఫీసు ఏదైతేనేం. "కొత్త మెషిన్లు పాడైపోయాయి" అని ఆపరేటర్ల ఫిర్యాదు. చూస్తే మెషిన్లు బాగానే ఉన్నాయి. వరుసలో 80వ అక్షరం వేశాక వీటీ100 కర్సర్ కిందికి దిగదు. అక్కడే ఆగి, ఇంకో అక్షరం వస్తేనే దిగుతుంది. వాళ్లు కొన్న ఎమ్యులేటర్ వెంటనే దిగిపోయేది. ఫారం చుట్టూ గీతలు గీస్తూ కింద కుడిమూల గడి నింపగానే తెర మొత్తం ఒక వరుస పైకి జరిగేది. శీర్షిక మాయం. టైపు చేసిన పేరు "ఊరు" అన్నదానికి ఎదురుగా కనిపించేది. తప్పు చెరపబోతే ఇంకో తంటా. చెరిపే కీకి ఒక యంత్రం 127 పంపుతుంది, ఇంకోటి 8 పంపుతుంది. అక్షరం చెరగకపోగా తెర మీద టోపీ గుర్తు, పక్కన హెచ్ ప్రత్యక్షం. ఏళ్ల తరబడి చూడకుండా కొట్టిన వేళ్లు వాళ్లవి. వాటికి కొత్త అలవాటు నేర్పడం కన్నా ప్రోగ్రాం మార్చడమే న్యాయం అని నాకప్పుడూ ఇప్పుడూ అనిపిస్తుంది.

అసలు చిక్కు తెలుగుది. ఐఐటీ కాన్పూరులో మొదలై పుణే సీ-డాక్‌లో పెరిగిన జిస్ట్ పరిజ్ఞానం మన లిపుల్ని టెర్మినళ్ల మీదికి తెచ్చింది. 1991లో భారతీయ లిపులకు ఇస్కీ ప్రమాణం వచ్చింది, తర్వాత యూనికోడ్. అయినా గడికో అక్షరం అన్న పాత ఒప్పందం అలాగే ఉంది.

మన వజ్రపుకొత్తూరునే తీసుకోండి. కాగితం మీద ఆరు అక్షరాలు. కంప్యూటర్ లోపల హల్లు, వత్తు గుర్తు, గుణింతపు గుర్తు అన్నీ కలిపి 14 సంకేతాలు. మార్కస్ కూన్ రాసిన కొలతను చాలా టెర్మినళ్లు వాడుకున్నాయి. దాని ప్రకారం ఈ ఊరికి 11 గళ్లు. ఎందుకంటే అందులో గుడికి, ఎత్వానికి, ఒత్వానికి సున్నా గళ్లు, కొమ్ముకి, కొమ్ముదీర్ఘానికి మాత్రం ఒక్కో గడి. మన తెలుగు మాస్టారు వింటే బెత్తం తీసేవారు. టెక్కలి మూడు అక్షరాలు, కొలతలో నాలుగు గళ్లు. పలాస ఒక్కటే అదృష్టవంతురాలు, అక్కడా మూడే, ఇక్కడా మూడే. జీడిపప్పే కాదు, ఇదీ కలిసొచ్చింది వాళ్లకి!

ఇది నవ్వుకోడానికి బాగుంటుంది. కానీ తెలుగు కుదరని తెరల మీద మనవాళ్ల పేర్లు ఇంగ్లిషు అక్షరాల్లోకి వెళ్లాయి. నేరమంతా టెర్మినల్‌దే అనను. ప్రింటర్లు, అలవాటు, తొందర అన్నీ ఉన్నాయి. కవిటి దగ్గర మా పెద్దమ్మగారి అబ్బాయి డయాలసిస్ మీద ఉన్నాడు. అతని పేరులో "త"కి ఒక కాగితంలో హెచ్ ఉంది, కార్డులో లేదు. ఆ ఒక్క హెచ్ కోసం, సూది గుచ్చిన చేత్తో, మూడుసార్లు తిరిగాడు. తెలుగులో రాస్తే ఆ పేరుకి రెండో రూపమే లేదు. ఉద్దానంలో ఇలాంటి కాగితాలు పట్టుకుని తిరిగేవాళ్లు ఎందరో మీకు నాకన్నా బాగా తెలుసు.

ఇప్పుడు కొన్ని టెర్మినళ్లు తెలుగుని చక్కగా గీస్తున్నాయి, కానీ కర్సర్ లెక్క తప్పుతూనే ఉంది. దాన్ని సరిచేసేవాళ్లకి ఉదాహరణలు కావాలి. భోజనాల తర్వాత బడి కంప్యూటర్ గదిలో ఒక మెషిన్ తెరిచి పెడతాను, పక్కన ఒక గళ్ల పుస్తకం ఉంటుంది. మీ ఊరి పేరు, ఇంటిపేరు టైపు చేయండి. కర్సర్ ఎన్ని గళ్లు పక్కకి పోయిందో పుస్తకంలో రాయండి. సాయంత్రం అయిదింటికి మూసేస్తారట, తొమ్మిదో తరగతి పిల్లల్ని ముందు పంపండి.