డోలు పక్కన గిటారు



వార్డెన్ల చేతికి మైకిస్తే మెనూ, హాజరు, ఇంటర్ మార్కులు తప్ప వేరే మాట రాదని మీ నమ్మకం. ఇవాళ అవేవీ ఎత్తం. హాస్టళ్లలో పిల్లలు మమ్మల్ని పదే పదే అడుగుతున్న ప్రశ్న ఒకటుంది: "మేడం, మనం కూడా బ్యాండ్ పెట్టుకోవచ్చా?" దానికి జవాబు చెప్పడానికే వచ్చాం.

బ్యాండ్ అంటే మన దగ్గర పెళ్లి బ్యాండే గుర్తొస్తుంది. హైదరాబాద్‌లోనేమో కాలేజీ ఫెస్టుల్లో సినిమా పాటో ఇంగ్లీషు పాటో వాయించేవాళ్లని బ్యాండ్ అనేవారు. అలాంటి చోట యశ్వంత్ నాగ్, రామ్ మిరియాల, వాళ్ల తోటివాళ్లు కలిసి చౌరస్తా అనే బ్యాండ్ కట్టారు. పేరే చూడండి, ఎంత మనదిగా ఉందో. జానపదం బాణీని తెచ్చి రెగె దెబ్బ మీద కూర్చోబెట్టారు. రెగె 1960ల చివర్లో జమైకా దీవిలో, పేదల పేటల్లో పుట్టిన సంగీతం. అందులో గిటారు సరిగ్గా తాళం పడేచోట మోగదు, రెండు దెబ్బల నడుమ సందులో మోగుతుంది. రేలకు కాలు కదిపినవాళ్లకు ఆ సందు సంగతి విడమరచి చెప్పక్కర్లేదు. 2018లో యునెస్కో ఆ సంగీతాన్ని మానవాళి వారసత్వాల జాబితాలో చేర్చింది.

చౌరస్తా వాళ్లకు సినిమా లేదు, హీరో లేడు. సొంతంగా రాసుకుని, సొంతంగా బాణీ కట్టుకుని యూట్యూబ్‌లో పెట్టారు. 'మాయ' అలా వచ్చిందే. పట్నంలో విసిగినవాడు ఊరి బాట పట్టే పాట 'ఊరెళ్ళిపోతా మామ'. ఆ పాట మా హాస్టల్ వరండాలోకి ఎలా వచ్చిందో మాకు తెలియదు గానీ, సెలవులకు వారం ముందు నుంచీ ప్రతి గదిలో అదే కూనిరాగం. 2020లో కరోనా వచ్చి హాస్టళ్లు మూసేసిన రోజుల్లో 'చేతులెత్తి మొక్కుతా' ఫోన్ నుంచి ఫోన్‌కి పాకి, సిగ్నల్ దొరికే గుట్టల మీదికి కూడా ఎక్కింది.

ఆ తర్వాత రామ్ మిరియాల బ్యాండ్ నుంచి బయటికి వచ్చి సినిమాల్లోకి వెళ్లాడు. 2021లో 'జాతిరత్నాలు'లో 'చిట్టి', 2022లో 'డీజే టిల్లు' పాట మీకు మాకన్నా బాగా తెలుసు. యశ్వంత్ నాగ్ బ్యాండ్‌ను నడిపించాడు. విడిపోవడం తప్పేం కాదు. కానీ విడిపోయిన రోజున ఏ పాట ఎవరిదన్న తగువు రాకూడదంటే, ఆ మాట కలిసిన రోజునే రాసిపెట్టుకోవాలి.

ఇక మన వైపు చూద్దాం. మణుగూరు మండలం కూనవరంలో సకిని రామచంద్రయ్య గారు ఉండేవారు. కూనవరం అనగానే నది ఒడ్డున, 2014లో ఆంధ్రలో కలిపేసిన మండలం అనుకుంటారు. అది వేరు, ఇది వేరు. చదువు లేని మనిషి. డోలు పట్టుకుంటే కోయల వంశాల కథలు, సమ్మక్క సారలమ్మ కథ కోయలోనూ తెలుగులోనూ అలా సాగిపోయేవి. 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024 జూన్‌లో కన్నుమూశారు. ఎన్ని కథలు ఆయనతో వెళ్లిపోయాయో లెక్కగట్టేవాళ్లు లేరు. అదే ఏడాది పద్మశ్రీ అందుకున్న కిన్నెర మొగిలయ్య గారి గొంతు 'భీమ్లా నాయక్' పాటకు ముందు వినిపిస్తుంది. అదే పాటలో రామ్ మిరియాల గొంతూ ఉంది. పన్నెండు మెట్ల కిన్నెర, బ్యాండ్ నుంచి వచ్చిన కుర్రాడు, ఒకే పాటలో. చూశారా, అంత దూరమేం లేదు.

అయితే ఒక సంగతి మమ్మల్ని ఇప్పటికీ కుదురుగా ఉండనివ్వదు. కొన్నేళ్ల క్రితం పట్నం నుంచి ఒకతను వచ్చి, మా ఆడపిల్లలు పాడిన రేల పాటల్ని ఫోన్‌లో ఎక్కించుకుపోయాడు. తర్వాత అవి అతని చానెల్లో, అతని పేరుతో కనిపించాయి. పిల్లల పేర్లు లేవు, ఊరి పేరు లేదు. అదే పాటను మా పిల్లలు పెట్టుకోబోతే హక్కుల నోటీసు వచ్చింది! తాతముత్తాతల నాటి పాట ఏ ఒక్కరి సొత్తూ కాదు, నిజమే. కానీ దాన్ని రికార్డు చేసినవాడికి ఆ రికార్డింగు మీద హక్కు వస్తుంది. పాడినవాళ్లకు కూడా చట్టంలో ప్రదర్శకుల హక్కుంది, అయితే అడిగేవాళ్లు ఉండాలి కదా. మీరే కొత్తగా రాసి బాణీ కడితే అది మీది, మీ తర్వాత 60 ఏళ్ల వరకు మీవాళ్లది. 2012లో చట్టం మార్చాక, రాసినవాళ్లు, బాణీ కట్టినవాళ్లు తమ రాయల్టీ వాటాను పాటల కంపెనీకి వదిలేసుకున్నట్టు సంతకం పెట్టినా చెల్లదు. అందుకే ఎవరైనా కాగితం తెస్తే చదవకుండా వేలు పెట్టొద్దు. మా దగ్గరికి తెండి, కలిసి చదువుదాం.

ఇంకో హద్దు కూడా ఉంది. ఇలవేల్పు ముందు డోలీలు చెప్పే కథను తెచ్చి గిటారుకు కట్టొద్దు. ఏది పండక్కి, ఏది స్టేజికి అన్నది పెద్దల్ని అడగాలి. వాళ్లు కాదంటే కాదనే. పెళ్లి పాటలున్నాయి, ఆటపాటలున్నాయి, నాట్ల పాటలున్నాయి. అవి చాలవంటే మీ పాటలు మీరే రాయండి. ఇప్పపూల మీదే రాయాలని ఎవరన్నారు? బొగ్గు లారీల దుమ్ము మీద రాయండి, ఆగస్టులో గోదారి మెట్లెక్కే రాత్రి మీద రాయండి, పోడు పట్టా కోసం తిరిగిన నాన్న చెప్పుల మీద రాయండి. కోయలో రాయండి. తెలుగు అక్షరాల్లో రాసుకున్నా కోయ కోయే.

డబ్బుల మాట. డ్రమ్ సెట్ కొనలేం. అవసరమూ లేదు, డోలుంది. వానాకాలం తోలు సాగి గొంతు పడిపోతుంది, సెగ చూపిస్తే బిగుస్తుంది. గిటారును మాత్రం ఆ సెగ దగ్గరికి తేకండి. ఒక్కటే మైకుంటే పాడేవాళ్లను దగ్గరగా, డోలును నాలుగడుగులు వెనక్కి నిలబెట్టండి, లేకపోతే మాట వినపడదు. పెళ్లిళ్లలో డీజే బాక్సులకు అలవాటుపడిన చెవులకు ఇది చిన్న శబ్దంలా ఉంటుంది. ఉండనీయండి.

ఈ ఆదివారం సాయంత్రం స్టడీ అవర్ అయ్యాక డైనింగ్ హాలు తాళం తీసి ఉంచుతాం. ఆడపిల్లల పేర్లు ముందు రాస్తాం, ఎందుకంటే రేల పాటలు ఎక్కువగా వాళ్ల నోటనే ఉన్నాయి. డోలు తెచ్చేవాళ్లు, వాయించే తాతనో మామనో కూడా వెంటబెట్టుకుని రండి. వాళ్లకు భోజనం హాస్టల్లోనే.