పాత కారు కార్బ్యురేటరులో బిగిసిన జెట్టు
(ఎనుమాములలో పంచాయతి సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగము)



ఎనుమాముల మార్కెట్టు యార్డును గురించి మీకు క్రొత్తగా చెప్పనక్కరలేదు. మిర్చి, పత్తి వచ్చు కాలమున ఇచ్చట నిలుచు ట్రాక్టర్ల నడుమ, ట్రాలీ ఆటోల నడుమ ఒక్కొక్కప్పుడు పాత అంబాసిడరు కారో, పాత మారుతియో కనిపించును. దానిని చూచి నవ్వువారు కలరు. కాని అర్ధరాత్రి నొప్పులు పడుచున్న స్త్రీని వరంగల్లు ఆసుపత్రికి చేర్చవలసి వచ్చినప్పుడు, అంబులెన్సు వచ్చుట ఆలస్యమైనచో, ఊరిలో అక్కరకు వచ్చునది ఆ కారే. అట్టి బండి గోరంత ఇత్తడి ముక్క బిగిసిపోయినందున పాత ఇనుము క్రింద అమ్ముడుపోవుట మాకు బాధ కలిగించుచున్నది. నేటి మా మాటలు ఆ ముక్కను గురించియే.

కార్బ్యురేటరు చేయు పని మీరెరిగినదే. దోమల మందు కొట్టు చేతి పంపులో గాలి వేగముగా పోవునప్పుడు మందు పైకి లేచి తుంపరలగును గదా! ఇచ్చటను అంతే. ఇరుకు దారిలో గాలి వేగము హెచ్చును, ఒత్తిడి తగ్గును, పెట్రోలు పైకి లేచును. ఒక పాలు పెట్రోలునకు తూకములో సుమారు 15 పాళ్లు గాలి కలియవలెను. ఆ కొలత తప్పకుండ చూచునది జెట్టు. అది నడుమ సన్నని రంధ్రము గల చిన్న ఇత్తడి మర.

ఇది ఎందువలన బిగియును? కారు నెలల తరబడి కదలక నిలిచినచో పెట్రోలు ఆవిరియై జిగురు మిగులును. ఇప్పుడు బంకులలో దొరకు పెట్రోలులో 20 శాతము వరకు ఇథనాలు కలిసియుండును. అది గాలిలోని తేమను పీల్చును. కార్బ్యురేటరు ఒడలు జింకు మిశ్రలోహము, జెట్టు ఇత్తడి. రెండు వేరు లోహముల నడుమ నీరు చేరినచో తెల్లని చిలుము పుట్టి మరలను పట్టివేయును. బలము చాలక జెట్టు రాలేదని తలచువారు ఈ సంగతి మరచుచున్నారు.

ఇత్తడి మెత్తనిది. సరిపడని స్క్రూడ్రైవరుతో ఒక్కసారి గట్టిగా త్రిప్పినచో గాడి చెడిపోవును. అటుపిమ్మట పట్టు దొరకదు. కావున జెట్టు గాడి వెడల్పునకు, లోతునకు సరిగా కూర్చొను స్క్రూడ్రైవరును ముందే చూచుకొనవలెను. లేనిచో ఆకురాయితో మొనను సరిచేసికొనవలెను. ఈ పనికి పట్టు అరగంటను వ్యర్థమనుకొనరాదు.

ముందుగా బ్యాటరీ తీగను విప్పి, కార్బ్యురేటరును ఊడదీసి, ఆరుబయట పెట్రోలును పూర్తిగా వంపి ఆరబెట్టవలెను. బీడీ కాల్చువారిని దూరముగా పంపవలెను. ఫ్లోటు, రబ్బరు భాగములు, అట్ట వాషర్లు తీసి ప్రక్కన పెట్టుకొనవలెను. మర సందులో చొచ్చుకొనిపోవు నూనెను రెండు చుక్కలు వేసి ఒక రాత్రి విడిచిపెట్టుట మేలు. మరునాడు నూనెను తుడిచి, వేరొకచోట కాచి తెచ్చిన సలసల మరగు నీటిలో ఆ ఒడలును కొన్ని నిమిషములుంచవలెను.

వేడి ఎందుకని అడుగుదురేమో! బండి చక్రమునకు ఇనుప పట్టాను కమ్మరి కాల్చి ఎక్కించుట మన పెద్దలు చూచినదే. ఒక మీటరు ఇత్తడి కడ్డీని 100 డిగ్రీలు వేడిచేసినచో సుమారు 2 మిల్లీమీటర్లు సాగును. అంతే పొడవు గల జింకు మిశ్రలోహపు కడ్డీ రెండున్నర మిల్లీమీటర్లకు మించి సాగును. అనగా వేడికి జెట్టుకంటె దాని చుట్టునున్న గోడ ఎక్కువ వ్యాకోచించి పట్టు సడలించును. వేడి నీటినుండి తీసిన వెంటనే స్క్రూడ్రైవరును గాడిలో నిలిపి, పిడిపై చిన్న సుత్తితో రెండు మూడు తేలిక దెబ్బలు వేయవలెను. తరువాత మొదట బిగియు దిక్కునకు వెంట్రుకవాసి కదిపి, ఆపై విప్పవలెను. రానిచో మరల నూనె, మరల వేడి. గ్యాసు మంట మాత్రము పెట్టరాదు: ఆ జింకు మిశ్రలోహము సుమారు 380 డిగ్రీలకే కరగిపోవును.

గాడి ముందే చెడియున్నచో ఇంటివద్ద ప్రయత్నింపక లేతు పనివానికి ఇచ్చుట ఉత్తమము. ఎడమవాటపు డ్రిల్లు బిట్టుతో తొలచునప్పుడు జెట్టు తరచుగా దానంతటదియే విప్పుకొని వచ్చును. వచ్చిన జెట్టు రంధ్రమును ఇనుప తీగతో పొడుచుట మన మెకానిక్కులకు అలవాటు. ఇది చాల చెడ్డది. రంధ్రము పెద్దదై పెట్రోలు ఖర్చు హెచ్చును. గాలి ఊదిన చాలును.

అంబాసిడరు తయారీ 2014లో నిలిచిపోయినది. క్రొత్త కార్లు ఇంజెక్షను పద్ధతికి ఏనాడో మారినవి. కావున పగిలిన కార్బ్యురేటరునకు బదులు వెదకుట సులభము కాదు.

కారు లేని సభ్యులు తమకిది పట్టదని అనుకొనవలదు. పంచాయతి గదిలోని పెట్రోలు ఫాగింగు యంత్రమునకు, రైతుల పెట్రోలు స్ప్రేయర్లకు ఉన్నది ఇదే కార్బ్యురేటరు, ఇదే జబ్బు. దోమల కాలము ముగిసినపిమ్మట యంత్రమును లోపల పెట్టుటకు ముందు టాంకీని ఖాళీచేసి, ఇంజను తనంతట ఆగువరకు నడిపినచో జెట్టులో జిగురు చేరదు. ఈ పని ఎవరు చేయవలెనో ఒక మనిషి పేరు పంచాయతి పుస్తకములో వ్రాసియుంచుడు.