పుట్టినతేదీ వెల
(పాఠశాల వార్షికోత్సవమున ప్రధానోపాధ్యాయులు చేసిన ప్రసంగము)



మొన్న సంభావ్యత పాఠము చెప్పుచుండగా ఒక బాలుడు లేచి, "అయ్యా, మనిషి యెప్పుడు చనిపోవునో లెక్క వేయగలమా?" అని యడిగెను. ఒక్కని విషయమున వేయలేము, వేయిమంది విషయమున వేయగలమని చెప్పితిమి. ఆ సమాధానమునే కొంత విస్తరించి మీకు మనవి చేయుచున్నాము.

నేడు పోలండులో వ్రోట్స్‌వాఫ్ అనబడు పట్టణమును పూర్వము బ్రెస్లా అనెడివారు. అచ్చటి మతాచార్యుడు కాస్పర్ నాయ్‌మన్ ఊరి జననమరణములను, చనిపోయినవారి వయస్సుతో సహా, సేకరించెను. 1687 మొదలు 1691 వరకు గల ఆ లెక్కలు ఇంగ్లండు చేరగా, తోకచుక్క మూలమున మనమందరము పేరెరిగిన ఎడ్మండ్ హేలీ వానితో 1693లో ఒక పట్టిక కట్టెను. ఏడాది శిశువులు వేయిమంది యుండిన, ఇరువదవ యేట 598 మందియు, అరువదవ యేట 242 మందియు మిగులుదురు. చదువునపుడు మనసు కలుక్కుమనును. కాని బీమాకును, వృద్ధుల పింఛనుకును ఆధారము ఇట్టి పట్టికయే.

ఆ కాలమున ఇంగ్లండు ప్రభుత్వము నూరు పౌనులు కట్టినవారికి జీవితాంతము ఏటికి 14 పౌనుల వర్షాశన మిచ్చుచుండెను. వయస్సేదైనను ధర యొక్కటే, అనగా సుమారు ఏడేండ్ల మొత్తము. హేలీ నూటికి ఆరు వడ్డీ చొప్పున లెక్కించగా, పదేండ్ల బాలునికి దాని విలువ పదమూడేండ్ల మొత్తమునకు మించెను. డెబ్బదేండ్ల వృద్ధునికి అయిదేండ్ల మొత్తమునకు కొంచెము పైన మాత్రమే. పిల్లల పేర కొన్నవారికి లాభము, ముసలివారికి నష్టము!

మన దేశమున 1818లో కలకత్తాలో ఓరియంటల్ జీవితబీమా కంపెనీ వెలసెను. భారతీయుల ప్రాణములకు తెల్లవారికంటె అధిక ప్రీమియము గైకొనుట నాటి కంపెనీల వాడుక. 1870లో ఏర్పడిన బొంబాయి మ్యూచువల్ సంఘము మనవారిని మామూలు రేట్లకే చేర్చుకొనెను. ఇప్పటి ఆక్చువరీల చింత వేరు. ఉద్యోగము విరమించిన పిదప ఇరువది ముప్పది యేండ్లు బ్రతుకువారు పెరుగుచున్నారు. నిధి అంతకాలము చాలవలెను గదా.

ఇన్ని లెక్కలకును మొదలు పుట్టినతేదీ. మాతో పనిచేసిన ఉపాధ్యాయు డొకరిని తండ్రి బడిలో చేర్చునపుడు ఒక యేడు ఎక్కువ చెప్పి వ్రాయించెను. బీమాకు ఆయన జన్మమంతయు కొంత అధికముగా కట్టెను. ఒక సంవత్సరము ముందుగా విరమించి ఆ యేటి జీతము పోగొట్టుకొనెను. దిద్దించుకొనుటకు ఆయన తిరిగిన తిరుగుడు మేమెరుగుదుము.

మన యిండ్లలో ఇంకొక చిక్కు గలదు. ఇంటిపేరు ముందు వ్రాయుట మన యాచారము. ఇచ్చటి కార్యాలయములలో తండ్రిపేరి తొలి యక్షరము చాలు నందురు. అందుచే ఒకే మనిషికి పాలసీలో ఒక పేరు, బ్యాంకులో ఒక పేరు, నామినీ కాగితములో మరియొక పేరు. ఆ యింటి పెద్ద కన్నుమూసిన నాడు ఆ యిల్లాలు, తాను అతని భార్యనేనని రుజువు చేసికొనవలసి వచ్చును.

వచ్చు శనివారము సాయంకాలము నాలుగు గంటలకు జనన ధ్రువపత్రములు, పాలసీలు, పింఛను కాగితములు తీసికొని మా గదికి రండు. పేరులును తేదీలును సరిపోల్చి చూతము. కండ్లద్దములు మరవకుడు, ఆ పత్రములలోని సన్నని యక్షరములు మాకును కనబడవు.