భయం ఎక్కడ ఉండాలి?

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో పలాస జీడిపప్పు వ్యాపారి, పూర్వ విద్యార్థి ఒకరు చేసిన ప్రసంగ పాఠం)



వ్యాపారం గురించి, నాయకత్వం గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. జీడిపిక్కలు కొని, పప్పు తీయించి అమ్ముకునేవాణ్ణి. పెద్ద సిద్ధాంతాలు నాకు తెలియవు. కానీ ముప్పై ఏళ్ళుగా రోజూ నాతో ఉన్నది ఒకటుంది. అది భయం. దాని గురించే చెబుతాను.

ఎనిమిదో తరగతిలో లెక్కల్లో నాకు పద్దెనిమిది మార్కులొచ్చాయి. ప్రోగ్రెస్ కార్డు మీద నాన్న సంతకం నేనే పెట్టేశాను. మాస్టారు పట్టుకున్నారు. బెత్తం తీస్తారనుకున్నాను, తీయలేదు. "మార్కులు తక్కువొస్తే మళ్ళీ చెప్పగలను. నువ్వు దాచేస్తే నేనేం చెయ్యగలనురా? వెళ్ళి నాన్నగారితో చెప్పు" అన్నారు. ఆ మాట అర్థం కావడానికి నాకు పాతికేళ్ళు పట్టింది.

మా వ్యాపారంలో భయం ఎందుకో పిల్లలకు చెప్పాలి. ఉద్దానంలో పిక్క వేసవిలోనే వస్తుంది. ఆ రెండు మూడు నెలల్లోనే చాలావరకు సరుకు కొని పెట్టుకోవాలి. డబ్బు బ్యాంకుది. 80 కిలోల బస్తాకు ఒకటి రెండు కిలోల పప్పు అటూ ఇటూ అయితే లాభం కాస్తా నష్టమవుతుంది. కొన్ననాటి ధర అమ్మేనాటికి ఉండదు. ఆఫ్రికా పిక్క తెప్పించుకునేవాళ్ళకు డాలరు దిగులు అదనం. ఈ భయం లేనివాడు ఇందులో ఎక్కువ కాలం నిలబడడు. బస్తాలోంచి గుప్పెడు పిక్కలు తీసి, కోసి చూశాకే బేరం మాట్లాడమనేది ఆ భయమే.

నేను చేసిన తప్పు వేరు. నా భయం నేను మొయ్యలేక పనివాళ్ళ మీద దించాను. ధర పడితే మేస్త్రీ మీద అరిచేవాణ్ణి. ముక్క ఎక్కువ వస్తే పప్పు ఒలిచే ఆడవాళ్ళ మీద విసుక్కునేవాణ్ణి. నేను వస్తుంటే ఫ్యాక్టరీ నిశ్శబ్దమయ్యేది. దాన్ని క్రమశిక్షణ అనుకున్నాను.

ఒక వానాకాలం గోడౌన్ రేకు కారింది. వాచ్‌మన్ చూశాడు. తడిసిన బస్తాలు వెనక్కి నెట్టి, పొడివి ముందు పేర్చాడు. బూజు వాసన నా ముక్కుకు తగిలేసరికి పది రోజులైంది. నలభై బస్తాలు పోయాయి. ఒక్కడైనా ఎందుకు చెప్పలేదని ఊగిపోతుంటే, పప్పు ఒలిచే పెద్దామె ఒకావిడ తలెత్తకుండానే అంది: "అందరికీ తెలుసు బాబూ. మీకొక్కరికే తెలీదు. తిడతారని ఎవరూ చెప్పలేదు."

మొదటి రోజే చెప్పి ఉంటే రెండు బస్తాలతో పోయేది. మిగతా ముప్పై ఎనిమిది నా నోటి వల్లే పోయాయి.

ఆనాటి నుంచి ఒక్కటే నియమం పెట్టుకున్నాను. చెడ్డ కబురు అదే రోజు తెచ్చినవాణ్ణి ఒక్క మాట అనకూడదు. నా స్వభావానికి అది తేలిక కాలేదు. మా వాళ్ళు నన్ను నమ్మడానికి రెండేళ్ళు పట్టింది.

2018 అక్టోబరు 10 సాయంత్రం అదే వాచ్‌మన్ ఫోన్ చేశాడు. "బాబూ, మీరు కట్టించిన వైపు బాగానే ఉంది. వెనక రేకులు ఇప్పుడే లేస్తున్నాయి." వెంటనే పనివాళ్ళను ఇళ్ళకు పంపేశాం. నలుగురం కలిసి బస్తాలు శ్లాబు గదిలోకి మార్చాం. మర్నాడు తెల్లవారుజామున తిత్లీ మన పలాస దగ్గరే తీరం దాటింది. గంటకు 140, 150 కిలోమీటర్ల గాలి. రేకులు పోయాయి, సరుకు నిలిచింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు ఏమయ్యాయో మీకు నేను చెప్పక్కర్లేదు. కరెంటు లేదు, సరుకు పంపలేను. బయటి ఊరి పార్టీకి ఆ నిజం చెప్పాలంటే ఈసారి నాకు భయమేసింది. అయినా చెప్పాను. ఆయన గడువిచ్చాడు.

ఇచ్ఛాపురం దాటితే ఒడిశా. 1999 అక్టోబరులో వచ్చిన పెను తుపానులో అక్కడ దాదాపు పదివేల మంది పోయారు. 2013లో ఫైలిన్ గోపాలపురం దగ్గర తీరం దాటేలోపే ఆ ప్రభుత్వం దాదాపు పది లక్షల మందిని ముందుగా తరలించింది. పోయినవాళ్ళ సంఖ్య పదుల్లోనే ఆగింది. ఆ జనానికి తుపానంటే భయం పోలేదు. ఆ భయాన్ని పాలించేవాళ్ళు ముందే తాము పడి, షెల్టర్లు కట్టారు, కబురు గడపగడపకూ చేర్చారు.

ఇంకొకటి చెప్పకపోతే నా మాట పూర్తికాదు. ఈ బడిలో నా పక్కన కూర్చున్నవాడు కొబ్బరి వ్యాపారం చేసేవాడు. అప్పు పెరుగుతున్నా లెక్క చూసుకోలేదు. కాళ్ళు వాస్తున్నా రక్తపరీక్షకు వెళ్ళలేదు. "నంబరు తెలిస్తే ఆ దిగులుతోనే పోతాన్రా" అనేవాడు. మన ఉద్దానంలో క్రియాటినిన్ అంటే పిల్లలకూ తెలుసు. చాలాదూరం ముదిరేదాకా ఆ జబ్బు బయటపడదు. వెళ్ళేసరికి డయాలసిస్ దశ. అప్పు సంగతి ఇంట్లోవాళ్ళకు ఆ తరువాత తెలిసింది. వాడు ఈ రోజు ఈ సభలో లేడు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి తెరిచారు. హిరమండలం నుంచి నీళ్ళూ వచ్చాయి. కానీ పరీక్షకు చెయ్యి చాపాల్సింది మనమే.

ఇక్కడ అధికారులున్నారు, బెంగళూరులో పదిమందిని నడిపిస్తున్నవాళ్ళున్నారు, టెక్కలిలో గ్రానైట్ వ్యాపారులున్నారు. మీ అందరికీ నా మనవి ఒకటే. ధరకు, అప్పుకు, గాలికి, జబ్బుకు భయపడండి. భయపడి లెక్క తెరిచి చూడండి. మీ కింద పనిచేసేవాళ్ళను మాత్రం మీకు భయపడనివ్వకండి. వాళ్ళు భయపడిన రోజు నుంచి మీకు నిజం అందదు.

మా నాన్న ఇప్పుడు లేరు. మాస్టారు చెప్పమన్నా, ఆ పద్దెనిమిది మార్కుల సంగతి ఆయనకు చివరిదాకా చెప్పలేకపోయాను. ఈ రోజు మీ అందరి ముందూ చెప్పేశాను.