దొరవారిసత్రానికి మరో దారి

(మన సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పెన్షన్ సంగతులు నాకు ముందు మాట్లాడిన మిత్రులు చెప్పేశారు. సర్వీసంతా రోడ్ల పని చేసినవాణ్ణి గనుక నేను రోడ్డు గురించే చెబుతాను.

మన ఊరి పేరులోనే సత్రం ఉంది. సత్రమంటే బాటసారులు ఆగే చోటు. ఇప్పుడు ఆగేవాళ్లు తక్కువ, దూసుకుపోయేవాళ్లు ఎక్కువ. ఒకప్పుడు 5వ నెంబరు, 2010 నుంచి 16వ నెంబరు అయిన జాతీయ రహదారి స్వర్ణ చతుర్భుజి పథకంలో నాలుగు వరుసలైంది. అది చెన్నై, కోల్‌కతాలను కలపడానికి వేసిన రోడ్డు. మనం దాన్ని ఊరి వీధిలా వాడుకుంటున్నాం. పాలక్యాను కట్టిన సైకిలు, గడ్డి ట్రాక్టరు, బడిపిల్లలు, అందరికీ అదే దారి. తిప్పుకొని రావడం దూరమని ట్రాక్టరు రాంగ్ రూట్లో వస్తుంది. దక్షిణాన తడ దగ్గర శ్రీసిటీ, ఉత్తరాన నాయుడుపేట దగ్గర మేనకూరు పారిశ్రామికవాడ వచ్చాక రద్దీ ఇంకా పెరిగింది. 2021 నవంబరు వరదలో నెల్లూరు అవతల రహదారీ, పడుగుపాడు దగ్గర రైలు పట్టాలూ దెబ్బతిన్నప్పుడు, ఒక్క దారినే నమ్ముకుంటే ఎలా ఉంటుందో జిల్లా అంతా చూసింది.

మరో దారి కావాలి. అందులో వాదం లేదు. ఎక్కడ అన్నదే ప్రశ్న.

బైపాస్ అనగానే పటం మీద స్కేలు పెట్టి గీత గీస్తారు. నేనూ గీశాను. వేరే జిల్లాలో ఒక పల్లె రోడ్డుకు ఎండాకాలంలో కొలతలు తీశాం. ఒక పెద్దాయన వచ్చి, “అయ్యా, ఇక్కడ మోకాటిలోతు నీళ్లు పారతాయి, ఇంకో తూము పెట్టించండి” అన్నాడు. ఎస్టిమేటు పెరుగుతుందని నేను పెట్టలేదు. ఆ కార్తీకంలో రోడ్డుకు పడమటి వైపు వరి ఎనిమిది రోజులు నీళ్లలో నానింది. రైతులు రాత్రికి రాత్రి రోడ్డుకు గండి కొట్టారు. ముందు నాకు కోపమే వచ్చింది. వెళ్లి చూస్తే, గండి కొట్టింది సరిగ్గా ఆయన వేలు పెట్టి చూపించిన చోటే.

మన దగ్గర నేల పడమటి నుంచి తూర్పుకు, పులికాట్ వైపు వాలుతుంది. రైలు కట్ట, రహదారి ఉత్తర దక్షిణాలుగా ఆ వాలుకు అడ్డంగా ఉన్నాయి. మన రోడ్డు కూడా అలాగే ఎత్తుగా వేస్తే అది మూడో కట్ట అవుతుంది. మునిగేది చేలు మాత్రమే కాదు. నేలపట్టు చెరువులో కడప చెట్లు నీళ్లలో నిలిచి ఉంటేనే గూడబాతులు గూళ్లు కడతాయి. పక్షుల రెట్ట కలిసిన ఆ నీళ్లు పొలాలకు బలమని అక్కడి రైతులకు తెలుసు. 1976లో పక్షుల రక్షిత కేంద్రమైన ఆ చోటికి నీళ్లు తగ్గే పని మనం చేయకూడదు. నీళ్లు దాటే చోట కట్ట ఎత్తకుండా చప్టాలు వేయాలి. వానరోజున కాసేపు ఆగి దాటినా నష్టం లేదు.

కొత్త గీత కన్నా పాత డొంకలు మేలని నా అభిప్రాయం. ఎడ్లబండ్ల కాలం వాళ్లకు మెరక ఏదో, పల్లం ఏదో తెలుసు. పట్టా భూమి తీసుకోవాలంటే 2013 చట్టం కింద నోటిఫికేషన్లు, పరిహారం, ఆపైన కోర్టులు. గ్రామపటంలో ఉన్న డొంకకు ఆ బాధ చాలా తక్కువ. పల్లె రోడ్డుకు 3.75 మీటర్ల తారు వెడల్పు చాలు, అటూ ఇటూ మట్టి అంచులు ఉండాలి.

చిక్కల్లా ఆ డొంకలు మిగిలి ఉండటమే. గ్రాట్యుటీ డబ్బుతో ప్లాట్లు కొని, గోడలు ముందుకు జరిపింది ఎవరో కాదు. ఈ మాట చెప్పే ముందు మా ప్రహరీ కొలిపించాను. రెండడుగులు డొంకలో ఉంది. తీయిస్తున్నాను. ఇంట్లో దీనిమీద నాతో ఇంకా మాటల్లేవు.

గ్రామపటం నకలు తెప్పిస్తాను. ముసురు పట్టిన రోజున డొంకల వెంట నడుద్దాం, నీళ్లు ఎక్కడ దాటుతున్నాయో అప్పుడే కనిపిస్తుంది. గొడుగు, చేతికర్ర తెచ్చుకోండి. మోకాళ్ల నొప్పులున్నవారు ఇంటి దగ్గరే కూర్చుని, చిన్నప్పుడు మీ బండి ఏ డొంకన పోయేదో కాగితం మీద రాసి ఇవ్వండి.