పేదవాని కానుక: క్రైస్తవ దానధర్మంలో సమానత్వం

దానమంటే కలిగినవారు ఇవ్వడం, లేనివారు పుచ్చుకోవడం అన్న భావన లోకంలో ఎంత బలంగా నాటుకున్నదో, క్రైస్తవ లేఖనాలు దాన్ని అంత గట్టిగానూ ప్రశ్నిస్తాయి. పేదవానికి అందేది అతనికి న్యాయంగా చెందవలసిన పాలు అన్నది ఆ లేఖనాల మొదటి మాట కాగా, ఇవ్వడమనే గౌరవంలో అతనికీ భాగమున్నదన్నది రెండవ మాట. మొదటిది తరచు వినిపిస్తున్నా రెండవదానికి దక్కవలసిన చోటు దక్కలేదు కనుక, ఆ రెండూ కలిస్తేనే క్రైస్తవ దానధర్మం సంపూర్ణమవుతుందని ఈ ఉపన్యాసం ప్రతిపాదిస్తున్నది.

మొదటి మాటకు మూలం మోషే ధర్మశాస్త్రంలో ఉన్నది. పంట కోసేటప్పుడు చేను అంచులదాకా కోయరాదనీ, రాలిన వెన్నులను రైతు తిరిగి ఏరుకోక బీదలకూ పరదేశులకూ విడిచిపెట్టాలనీ లేవీయకాండము 19వ అధ్యాయం ఆదేశిస్తుంది. అలా విడిచిన వెన్నులను ఏరుకోవడమే పరిగె. మోయాబు నుంచి వచ్చిన విధవరాలు రూతు బేత్లెహేములో బోయజు పొలంలో సాయంకాలందాకా పరిగె ఏరి, వెన్నులు దుళ్లగొట్టి, ఆ యవలను అత్తగారింటికి మోసుకుపోయింది. ఆ గింజల్లో చట్టం ఆమెకు కల్పించిన హక్కూ ఉన్నది, ఆమె రెక్కల కష్టమూ ఉన్నది. నాలుగవ శతాబ్దంలో కప్పదొకియను కరవు పట్టి పీడించినప్పుడు, కైసరయ సంఘనాయకుడు బాసిల్ ధాన్యం దాచినవారిని మందలించి, మిగులు తిండి ఆకలిగొన్నవాని సొత్తేనని బోధించినదీ ఈ న్యాయాన్నిబట్టే. ఆయన ఆ పట్టణం వెలుపల పేదలకూ, బాటసారులకూ, కుష్ఠురోగులకూ నెలకొల్పిన ఆశ్రయం ఆ బోధకు ఆచరణరూపమైంది.

రెండవ మాట యెరూషలేము బీదల కోసం పౌలు సేకరించిన చందాలో స్పష్టపడుతుంది. ఎవరి రాబడి కొద్దీ వారు వారానికొకసారి, మొదటి దినాన, కొంత తీసి ఉంచాలని ఆయన కొరింథు సంఘానికి ఏర్పాటు చెప్పాడు. మాసిదోనియ సంఘాలవారు తామే కడుపేదలై ఉండి కూడా ఈ పనిలో తమకూ పాలు ఇమ్మని బతిమాలుకున్నారని కొరింథీయులకు రాసిన రెండవ పత్రిక 8వ అధ్యాయంలో తెలిపి, ఈనాడు ఒకరి సమృద్ధి మరొకరి కొరత తీర్చాలనీ, రేపు వారి సమృద్ధి వీరి కొరత తీర్చవచ్చుననీ వివరించాడు. ఆయన సమానత్వమన్నది ఈ ఇచ్చిపుచ్చుకోవడాన్నే. పైగా సొమ్ము విషయంలో ఎవరూ వేలెత్తి చూపకుండా, తన సహచరుడు తీతుతోపాటు సంఘాలు ఎన్నుకున్న సహోదరుణ్ణి కూడా పంపాడు. అంటే లెక్క చూపడం కూడా దానధర్మంలో భాగమేనన్నమాట.

తెలుగునాట ఈ బోధకు దోర్నకల్ అధ్యక్షమండలం గొప్ప నిదర్శనం. 1912లో ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్పుగా అభిషిక్తుడైన వేదనాయకం శామ్యూల్ అజరయ్య, క్రైస్తవ దానాన్ని గురించి ప్రత్యేకంగా ఒక గ్రంథమే రచించాడు. ఆయన సంఘస్థుల్లో అధికులు కూలినాలి చేసుకునే మాల మాదిగలు. వంటకు బియ్యం కొలిచేటప్పుడు పిడికెడు తీసి విడిగా పోయడం, కోతల పండుగకు ధాన్యమో కోడినో గుడికి తేవడం వంటి అలవాట్ల ద్వారా, ఊరు ఎన్నడూ దాతలుగా ఎంచని ఆ కుటుంబాలు దాతల వరుసలో నిలిచాయి. కానుకపెట్టెలో రెండు కాసులు వేసిన విధవరాలిని యేసు ధనవంతులకంటే మిన్నగా ఎంచిన తీర్పు ఆ పల్లెసంఘాల్లో అనుదిన ఆచారమైంది.

కాబట్టి ఒక సంఘపు ఔదార్యాన్ని అది పంచిన బట్టలను, భోజనాలను బట్టి మాత్రమే కొలవడం చాలదు. సాయం అందుకున్న కుటుంబానికి ఆ సంఘపు నిర్ణయాల్లో మాట ఉన్నదా, దాని కానుక ఎంత చిన్నదైనా పెద్ద కానుకతో సమానమైన మర్యాదతో స్వీకరించబడుతున్నదా, వచ్చినదానికీ పోయినదానికీ అందరి ముందూ లెక్క ఉన్నదా అన్న ప్రశ్నలకు అవునని చెప్పగలిగిన సంఘమే పౌలు కోరిన సమానత్వానికి వారసురాలు.