స్వతంత్ర సాంకేతికవృత్తి: రుసుము మాట



జీవితమంతయు సంస్కృతము చెప్పుకొని బ్రతికిన మేము యంత్రవిద్యను గూర్చి మాటాడబూనుట కొందఱకు వింతగా దోచవచ్చును. మేము చెప్పబోవునది యంత్రముల మాట కాదు, రుసుము మాట.

మన పిల్లలలో ఇంజనీరింగు చదివినవారికి నేడు కొదువ లేదు. పెక్కుమంది కొలువులకై హైదరాబాదు, బెంగుళూరుల దారి పట్టుచున్నారు. ఒకరిద్దఱు మాత్రము ఈ ద్రాక్షారామముననే నిలిచి, రైతులకును మిల్లు యజమానులకును సాంకేతిక సలహా నిచ్చుచు, కుఱ్ఱవాండ్రకు పని నేర్పుచు స్వతంత్రముగా జీవింప దలచుచున్నారు. వారికి మొదటి విఘ్నము మనమే. మిల్లు మోటారు కాలినను, చెఱువులో ఏరేటరు ఆగినను "మనవాడే గదా" యని పిలిపింతుము; పని ముగిసిన పిదప కాఫీ యిచ్చి సాగనంపుదుము. అదే పని పొరుగూరివాడు చేసినచో అడిగినంత యిత్తుము. ఈ బంధుత్వము ఆ కుఱ్ఱవాని పాలిటికి శాపము కాదా?

మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి పూర్వులు మన తెలుగుసీమవారే. ఆయన 1884లో బొంబాయి ప్రభుత్వపు కొలువున జేరి, 1908లో తామే విరమించిరి. ఆ సెప్టెంబరులోనే మూసీ పొంగి హైదరాబాదును ముంచెను. నిజాము ప్రభుత్వము 1909లో వారి సలహాను గైకొనెను. నగరమునకు ఎగువను జలాశయములు కట్టవలెనని వారు చెప్పిరి. ఉస్మాన్‌సాగరు, హిమాయత్‌సాగరు అట్లు వెలసినవే. ఇరువదినాలుగేండ్ల అనుభవము ముందు, సలహా పిదప! కావున మన యువకులును పట్టా చేతికి రాగానే బోర్డు కట్టరాదు. నాలుగేండ్లయినను ఒకచోట చేతులకు నూనె అంటించుకొని రావలెను. యంత్రముల నమ్మువారియొద్ద కమీషను పుచ్చుకొనువాడు సలహాదారు కాడు, దళారి.

విద్యావిక్రయము దోషమని మేమును చదివినవారమే. ఐనను గురుదక్షిణ యను మాటయు ఆ గ్రంథములలోనే కలదు గదా. భద్రావతి ఇనుపకార్ఖానా పనికై తమకు రావలసిన ప్రతిఫలమును విశ్వేశ్వరయ్యగారు వృత్తివిద్యకై విడిచిరి. 1943లో బెంగుళూరున శ్రీ జయచామరాజేంద్ర వృత్తివిద్యాసంస్థ ఏర్పడెను. తన సొమ్మును తాను విడుచుట దానము. ఒకని శ్రమను మనము ఊరక లాగికొనుట దానమెట్లగును?

పోషకులకు మా మనవి యిది. సంఘసత్రములో ఖాళీగా నున్న వెనుకగదిని మూడేండ్లపాటు శిక్షణశాలకు అద్దె లేక యియ్యుడు. మన పిల్లవానిని సలహా కోరునపుడు రుసుమెంతయో ముందే యడిగి, చెల్లించి, రసీదు పుచ్చుకొనుడు. కావలసిన కొలత పరికరముల పట్టీ కార్యదర్శిగారియొద్ద నున్నది.